శిక్షా నిర్ణయం – న్యాయమూర్తి విచక్షణ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవ వేదికపై నేరాలు, శిక్షల ప్రస్తావన ఏమిటన్న సందేహం కొందరికి కలుగవచ్చును. శిక్ష అనే పదానికి దండన అనే అర్థంతో పాటు నేర్పుట అనే అర్థం కూడా ఉన్నది. శిక్షకుడు, శిక్షణ అనే మాటలు ఆ రెండవ అర్థం నుండి వచ్చినవే. ఇంట తల్లిదండ్రులు, బడిలో ఉపాధ్యాయులు, న్యాయస్థానంలో న్యాయమూర్తి ఏదో ఒక స్థాయిలో ఎదుటివారి తప్పును తూచవలసినవారే. అయితే న్యాయమూర్తి చేతి త్రాసులో తూగేది మనిషి స్వేచ్ఛ. ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణం. ఆ త్రాసుకు తూకపు రాళ్లు ఎవరు నిర్ణయించాలి? అంతా న్యాయమూర్తి విచక్షణకే విడిచిపెట్టాలా, లేక ముందుగానే కొలతలు వ్రాసి ఆయన చేతికి ఇవ్వాలా? ఇదే నేటి ప్రసంగ విషయం.

ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుసుకొనుటకు ఒక వాస్తవ వృత్తాంతం చాలును. ఉత్తరప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి చెందిన నలుగురిని హత్య చేసిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడినది. నేరంలో ఆ ముగ్గురి పాత్ర సమానమే. ముగ్గురూ వేర్వేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించారు. మొదటివాని విన్నపాన్ని 1976లో కోర్టు తోసిపుచ్చినది. రెండవవాని విన్నపం వేరొక ధర్మాసనం ముందుకు వచ్చినది. 1977లో అతని ఉరి యావజ్జీవ శిక్షగా మారినది. మూడవవాని విన్నపం 1978లో తిరస్కృతమైనది. 1981 అక్టోబరు 6వ తేదీన మొదటివానిని ఉరితీశారు. అదే తేదీన ఉరికంబం ఎక్కవలసిన మూడవవాడు చివరి ఘడియలో మరల సుప్రీంకోర్టు తలుపు తట్టగా, అమలు నిలిచినది. రెండవవానికి శిక్ష తగ్గిన సంగతి అప్పుడు గాని న్యాయమూర్తుల దృష్టికి సరిగా రాలేదు.

హర్బన్స్ సింగ్ కేసుగా న్యాయశాస్త్ర గ్రంథాలకు ఎక్కిన ఈ వ్యవహారంలో 1982లో తీర్పు వెలువడినది. మూడవవాని శిక్షను తగ్గించవలసినదిగా సుప్రీంకోర్టు రాష్ట్రపతికి సిఫారసు చేసినది. ఇకమీదట ఎవరినైనా ఉరితీసే ముందు, అదే కేసులోని ఇతర దోషులకు శిక్ష తగ్గినదేమో జైలు అధికారులు విచారించి తెలుసుకోవాలని కూడా ఆదేశించినది. ఆదేశం మంచిదే. కాని 1981 అక్టోబరు 6న పోయిన ప్రాణం అప్పటికే పోయినది. ఒకే నేరం, ఒకే పాత్ర, ఒకే చట్టం; ఫలితాలు మాత్రం మూడు. ఏ న్యాయమూర్తీ దురుద్దేశంతో వ్యవహరించలేదు. ఒక్కొక్కరూ తమ విచక్షణ మేరకే తీర్పు చెప్పారు. అందులోనే సమస్య ఉన్నది.

క్రిమినల్ కేసులో న్యాయమూర్తి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి ఉంటుంది. ముద్దాయి నేరం చేసినాడా లేదా అన్నది మొదటి ప్రశ్న. చేసి ఉంటే ఎంత శిక్ష అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సాక్ష్య చట్టంలో పుట్టెడు నియమాలున్నవి. ఏ సాక్ష్యం చెల్లుతుంది, ఏది చెల్లదు, ఎవరు రుజువు చేయాలి అన్న ప్రతి అడుగుకు దారి గీసి ఉన్నది. రెండవ ప్రశ్నకు మాత్రం చట్టం సాధారణంగా ఒక పై హద్దు చూపి ఊరుకుంటుంది. ఉదాహరణకు, 1860 నాటి భారత శిక్షాస్మృతి 326వ సెక్షను మారణాయుధంతో తీవ్రంగా గాయపరచిన నేరానికి యావజ్జీవ శిక్ష గాని, పదేళ్ల వరకు జైలు శిక్ష గాని విధించవచ్చునని చెప్పినది. కనీస శిక్ష ఎంతో చెప్పలేదు. కొద్ది రోజుల జైలు నుండి జీవితకాలపు జైలు వరకు గల ఆ మైదానంలో న్యాయమూర్తి ఎక్కడ నిలబడాలన్నది ఆయన మనస్సుకే విడిచిపెట్టినది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత అదే నేరానికి ఒక సంవత్సరం కనీస శిక్షను చేర్చినది. హద్దు కొంత కుదించుకొన్నది గాని మైదానం ఇంకను విశాలమే.

ఇంత వెసులుబాటు అసలు ఎందుకు అన్న ప్రశ్నకు మన పూర్వుల వద్దనే సమాధానమున్నది. అపరాధమేమిటో, అది ఏ దేశంలో ఏ కాలంలో జరిగినదో, అపరాధి బలమెంత, వయస్సెంత, వృత్తి ఏమిటి, ధనమెంత అన్నవన్నీ తెలిసికొనిన తరువాతనే దండన విధించాలని యాజ్ఞవల్క్య స్మృతి బోధించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారంగా చేసికొని, 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయము రచించినాడు. అనగా ధర్మశాస్త్రం తెలుగు పద్యంగా మారి ఏడు శతాబ్దాలు దాటినది. నేరాన్ని మాత్రమే గాక నేరస్థుని కూడా చూడవలెనన్న మాట తెలుగువారికి కొత్తది కాదు.

అయితే సత్యంలో సగమే చెప్పుట ఉపాధ్యాయ ధర్మం కాదు. అదే స్మృతులు ఒకే నేరానికి కులాన్ని బట్టి వేర్వేరు దండనలు చెప్పినవి. మనిషిని చూచి శిక్ష వేయాలన్న సూత్రం, ఏ మనిషిని ఏ కంటితో చూడాలన్న నియమం లేనప్పుడు, పక్షపాతానికి తలుపు తెరుస్తుందని మన చరిత్రే చెబుతున్నది. ఆ తలుపు మూయుటకే రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులని చాటినది.

ఈ సంఘర్షణ యానాం వంటి ఊళ్ల చరిత్రతో కూడా ముడిపడి ఉన్నది. గోదావరి తీరాన తెలుగు మాట్లాడుతూనే ఫ్రెంచి చట్టం కింద జీవించిన ఊరు అది. ఫ్రెంచి విప్లవ కాలంలో ఫ్రాన్సు ప్రజలకు రాజుల నాటి న్యాయాధిపతుల ఇష్టారాజ్యంపై విసుగు పుట్టినది. అందుచేత 1791లో చేసిన శిక్షాస్మృతిలో పెద్ద నేరాలన్నింటికీ మార్పులేని స్థిర శిక్షలు నిర్ణయించారు. నేరం రుజువైతే పట్టికలో ఉన్న శిక్షను చదివి వినిపించుటయే న్యాయమూర్తి పని. సమానత్వం దొరికినది గాని, ఆకలికి దొంగిలించినవానిని, ఆశకు దొంగిలించినవానిని ఒకే గాటన కట్టవలసి వచ్చినది. 1810 నాటి నెపోలియన్ స్మృతి కనిష్ఠ, గరిష్ఠ శిక్షలు రెండూ చెప్పి, నడుమ కొంత చోటు న్యాయమూర్తికి ఇచ్చినది. అప్పటికీ శిక్షలు కఠినంగానే ఉండుటచేత, జ్యూరీలు దోషులని తెలిసినవారిని సైతం నిర్దోషులని విడిచిపెట్టసాగినవి. చివరకు 1832లో, దోషం తీవ్రతను తగ్గించే పరిస్థితులున్నవని జ్యూరీ ఏ నేరం విషయంలోనైనా ప్రకటించవచ్చునని చట్టాన్ని సవరించారు.

విచక్షణను ముందు తలుపు నుండి గెంటివేస్తే అది దొడ్డిదారిన ప్రవేశిస్తుందని ఆ నలుబది ఏళ్ల అనుభవం నేర్పినది. 1954లో యానాం ఫ్రెంచి పాలన నుండి విముక్తమైనది. 1962లో విలీనం చట్టబద్ధమైనది. 1963 అక్టోబరు 1 నుండి భారత శిక్షాస్మృతి పుదుచ్చేరి ప్రాంతాలన్నింటికీ వర్తించినది. రెండు దొరతనాల చట్టాలను చూచిన ఆ ఊరికి రెండింటిలోని చిక్కూ తెలుసును.

భారతదేశంలో చట్టం ఎలా నడచివచ్చినదో ఇప్పుడు చూడవలసి ఉన్నది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హత్య వంటి నేరానికి ఉరిశిక్ష వేయని న్యాయమూర్తి, ఎందుకు వేయలేదో కారణం వ్రాయవలసి ఉండెను. అనగా ఉరి సహజం, ప్రాణం నిలుపుట అసాధారణం. స్వతంత్ర భారత పార్లమెంటు 1955లో ఆ నిబంధనను తొలగించినది. 1973లో వచ్చిన కొత్త కోడ్ దానిని పూర్తిగా తలక్రిందులు చేసినది. 354వ సెక్షను మూడవ ఉపనిబంధన ప్రకారం ఉరి వేసినప్పుడే ప్రత్యేక కారణాలు వ్రాయాలి. ఒక వాక్యం అటునుండి ఇటు మారుటతో ప్రాణానికి ఇచ్చే విలువ మారినది. పార్లమెంటు న్యాయమూర్తి చేయి కట్టివేయలేదు. కారణం వ్రాయమన్నది, అంతే.

అదే 1973 కోడ్ 235వ సెక్షను మరొక మేలు చేసినది. ముద్దాయి దోషి అని తేలిన తరువాత, శిక్ష విషయంలో అతడు చెప్పుకొనేది వేరుగా వినాలి. ఈ వినికిడి నామమాత్రం కారాదని, వినకుండా వేసిన శిక్ష నిలువదని 1976లో శాంతాసింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. ప్రస్తుతం అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ రెండు రక్షణలను కొనసాగించినది. అంతకుముందే 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఇటువంటి మార్గమే చూపినది. 21 ఏళ్లు నిండని యువకుని, ఆ చట్టం వర్తించే నేరాలలో, జైలుకు పంపదలచిన న్యాయమూర్తి ముందుగా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించి చూడాలి; జైలు తప్పదనుకుంటే కారణం వ్రాయాలి. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం వేయరాదన్న లోకోక్తికి ఇది చట్టరూపం.

విచక్షణ చేయగల మేలు ఎటువంటిదో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసు చెబుతుంది. ఇరువది నాలుగేళ్ల యువతి అసూయతో మరొక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపినది. నేరం ఘోరమైనదనుటలో రెండవ మాట లేదు. సెషన్స్ కోర్టు ఉరి వేయగా హైకోర్టు దానిని ఖాయపరచినది. 1974లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పును పరిశీలించారు. నేరం విషయంలో మార్పు చేయలేదు. కాని శిక్ష విషయంలో ఆమె వయస్సును, మామగారు ఆమెను అత్తవారింటి నుండి కొట్టి వెళ్లగొట్టిన సంగతిని, ఏకైక బిడ్డతో పుట్టింట తలదాచుకొన్న స్థితిని, ఏళ్ల తరబడి మెడపై వేలాడిన ఉరి భయాన్ని లెక్కలోనికి తీసుకొన్నారు. ఉరి యావజ్జీవ శిక్షగా మారినది. నేరానికి గురైన ఆ తల్లీబిడ్డల ప్రాణాల విలువ దీనితో తగ్గినదా అని ఎవరైనా అడుగవచ్చును, అడుగవలసిన ప్రశ్నే. యావజ్జీవ శిక్ష కూడా శిక్షే. నేరానికి తగిన దండన ఉండాలి. అది నేరస్థురాలి జీవితాన్ని తెలిసికొని వేసినదై ఉండాలి. ఆ తీర్పు ఈ రెండింటినీ పాటించినది.

విచక్షణను పూర్తిగా తీసివేస్తే ఏమగునో 1983 నాటి మిట్టు కేసు చూపినది. యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నవాడు హత్య చేస్తే ఉరి తప్ప మరొక శిక్ష లేదని పాత శిక్షాస్మృతి 303వ సెక్షను శాసించినది. రెచ్చగొట్టినా, తగవులో చిక్కుకొన్నా, ఎటువంటి పరిస్థితి ఉన్నా ఫలితం ఒక్కటే. వినుటకు ఏమీ లేదు, కారణం వ్రాయుటకు ఏమీ లేదు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సెక్షనును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి కూడా ఉండి, ఏకీభవిస్తూ తమ అభిప్రాయాన్ని ప్రత్యేకంగా వ్రాసినారు.

నిర్బంధ శిక్ష అన్యాయమని తేలినది. మరి నిరంకుశ విచక్షణ న్యాయమా? 1980లో బచ్చన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఉరిశిక్షను సమర్థిస్తూనే, అది అత్యంత అరుదైన కేసులలో, వేరొక మార్గానికి ఏమాత్రం తావులేనప్పుడే విధించాలని చెప్పినది. కాని ఏవి అరుదైనవో పట్టిక వేయుటకు మెజారిటీ న్యాయమూర్తులు ఇష్టపడలేదు. మనుష్యుల జీవితాలు పట్టికలకు లొంగవని వారి భావన. భిన్నాభిప్రాయం వ్రాసిన జస్టిస్ పి.ఎన్. భగవతి, ప్రమాణం లేని అధికారం వలన ప్రాణం నిలుచుట, పోవుట ధర్మాసనంలో ఎవరు కూర్చున్నారన్నదానిపై ఆధారపడునని హెచ్చరించారు. మూడేళ్లకు, 1983లో, మచ్చీ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు నేరం జరిగిన తీరు, ఉద్దేశం, సంఘంపై దాని ప్రభావం, పరిమాణం, బాధితుల నిస్సహాయత అనే ఐదు అంశాలను పేర్కొన్నారు. అవి చాలావరకు నేరాన్ని చూచేవే గాని నేరస్థుని చూచేవి కావు. ఈ రెండు తీర్పుల నడుమ కోర్టులు ఒక్కొక్కటి ఒక్కొక్క దారి పట్టినవి. ఆ పొంతన లేమిని 2009లో బరియార్ కేసులో సుప్రీంకోర్టు తానే అంగీకరించినది. 2015లో లా కమిషన్ 262వ నివేదిక కూడా అదే మాట చెప్పి, ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం చేసిన నేరాలు మినహా ఉరిశిక్షను రద్దు చేయాలని సిఫారసు చేసినది.

ఈ పొంతన లేమి భారతదేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలో 1974లో ఒక పరిశోధన జరిగినది. యాబది మంది ఫెడరల్ న్యాయమూర్తులకు ఒకే రకమైన కేసుల వివరాలు పంపి, ఏ శిక్ష వేస్తారో వ్రాయమన్నారు. బెదిరించి ధనం గుంజిన ఒక కేసులో ఒకరు మూడేళ్ల జైలు చాలునన్నారు. మరొకరు ఇరువదేళ్ల జైలుతో పాటు 65,000 డాలర్ల జరిమానా వేశారు. కాగితం అదే, నేరస్థుడు అతడే.

సభలోని ఉపాధ్యాయులకు ఇది తెలియని అనుభవం కాదు. ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు దిద్దితే ఇద్దరూ ఒకే మార్కులు వేయరు. అందుకే పబ్లిక్ పరీక్షల స్పాట్ వాల్యుయేషన్‌లో మూల్యాంకన సూత్రాలు ముందుగా పంచుతారు. ఏ అంశానికి ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. అయినను జవాబును ఉపాధ్యాయుడే చదవాలి. సూత్రంలో లేని సరియైన పద్ధతిలో విద్యార్థి లెక్క చేస్తే దానికి మార్కులివ్వాలి. సూత్రాలు ఉన్నవి గనుక దిద్దేవారు అక్కరలేదని ఎవరూ అనరు. దిద్దేవారు ఉన్నారు గనుక సూత్రాలు అక్కరలేదని కూడా అనరు.

అమెరికా 1984లో సెంటెన్సింగ్ కమిషన్‌ను స్థాపించినది. 1987 నుండి అమలైన మార్గదర్శకాలు ఒక పెద్ద గళ్ల పట్టిక. నిలువున నేర తీవ్రతకు 43 మెట్లు. అడ్డంగా నేరస్థుని పూర్వచరిత్రకు 6 వరుసలు. రెండూ కలిసే గడిలో ఎన్ని నెలలని వ్రాసి ఉంటే అంత శిక్ష. పట్టిక దాటుటకు అవకాశం బహు స్వల్పం. దీనితో పాటు మాదకద్రవ్యాల చట్టం 1986లో ఒక విపరీతం చేసినది. 500 గ్రాముల కొకైన్ పొడికి ఎంత కనీస శిక్షో, 5 గ్రాముల క్రాక్ కొకైన్‌కు అంతే, ఐదేళ్లు. క్రాక్ కేసులలో అత్యధికులు నల్లజాతివారు. పట్టిక అందరికీ ఒక్కటే. దెబ్బ మాత్రం ఒకవైపే తగిలినది. 2010లో గాని ఆ 100కు 1 నిష్పత్తి 18కి 1గా తగ్గలేదు. 2005లో బుకర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను తప్పనిసరి ఆజ్ఞల స్థాయి నుండి సలహాల స్థాయికి దించినది. పట్టికలోని కొలతే తప్పుగా ఉంటే, సమానంగా అమలు చేసిన కొద్దీ అన్యాయం విస్తరిస్తుందని ఈ ఉదాహరణ వలన గ్రహించవలసి ఉన్నది.

ఇంగ్లండు ఎంచుకొన్న పద్ధతి మరింత మెత్తనిది. అక్కడ 2010లో సెంటెన్సింగ్ కౌన్సిల్ ఏర్పడినది. ఒక్కొక్క నేరానికి ఒక్కొక్క మార్గదర్శకం. మొదట నేరస్థుని దోషమెంత, కలిగిన హాని ఎంత అని చూచి ప్రారంభ శిక్షను గుర్తిస్తారు. పిదప తీవ్రతను పెంచే, తగ్గించే పరిస్థితులను బట్టి దానిని పైకో క్రిందికో జరుపుతారు. నేరం ఒప్పుకొన్నవారికి కొంత తగ్గింపు ఇస్తారు. న్యాయ ప్రయోజనానికి భంగకరమైతే తప్ప న్యాయమూర్తి ఆ మార్గదర్శకాన్ని పాటించాలి. శిక్షకు కారణాలను బహిరంగ న్యాయస్థానంలో చెప్పాలి. ఇక్కడ విచక్షణ పోలేదు. ఏ మెట్టు మీద ఏ కారణంతో ఉపయోగించారో అందరికీ కనబడుతున్నది.

భారతదేశంలో ఇటువంటి ఏర్పాటు కావాలని 2003లో జస్టిస్ మలిమత్ కమిటీ సూచించినది. 2007లో ఆచార్య మాధవ మేనన్ కమిటీ ఆ సూచనను బలపరచినది. సోమన్ కేసులో సుప్రీంకోర్టు, క్రిమినల్ న్యాయ పరిపాలనలో అన్నిటికంటే బలహీనమైన భాగం శిక్షా నిర్ణయమేనన్న భావాన్ని వ్యక్తం చేసినది. 2022 మే నెలలో మనోజ్ కేసులో, ఉరిశిక్ష ప్రసక్తి ఉన్న కేసులలో ముద్దాయి కుటుంబ నేపథ్యం, చదువు, ఆర్థిక స్థితి, మానసిక స్థితి, జైలులో నడవడి గురించిన నివేదికలు విచారణ దశలోనే తెప్పించాలని నిర్దేశించినది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఈ విషయమై ఏకరూప సూత్రాల అవసరాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది. 2024 మే నెలలో మరొక తీర్పులో, సమగ్రమైన శిక్షా విధానాన్ని రూపొందించే విషయం పరిశీలించవలసినదిగా కేంద్ర ప్రభుత్వానికి సూచించినది. 2023లో పార్లమెంటు ఆమోదించిన కొత్త నేర చట్టాలు చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా ప్రవేశపెట్టి ఒక మంచి అడుగు వేసినవి. కాని శిక్షను తూచే విధానాన్ని చెప్పే మార్గదర్శక మండలిని ఏర్పరచలేదు.

మరి ఏ మార్గం అనుసరణీయం? ఇంతవరకు చెప్పుకొన్న ఉదాహరణలన్నీ ఒక్క విషయం వైపే వేలు చూపుతున్నవి. 1791 నాటి ఫ్రెంచి పట్టిక, పాత 303వ సెక్షను, అమెరికా గళ్ల పట్టిక మనిషిని చూచుటను నిషేధించి విఫలమైనవి. హర్బన్స్ సింగ్ కేసులోని మూడు ఫలితాలు, ప్రమాణం లేని చూపు ఎంతటి అన్యాయానికి దారితీయునో తెలిపినవి. 1958 చట్టం, 1973 కోడ్, ఇంగ్లండు పద్ధతి ఈ రెంటికీ నడుమ నిలిచినవి. అవి న్యాయమూర్తితో చూడవద్దని అనలేదు; ఏమి చూడాలో చెప్పినవి, చూచిన పిదప కారణం వ్రాయమన్నవి. వ్రాసిన కారణాన్ని పై కోర్టు పరీక్షించగలదు. రేపటి న్యాయమూర్తి దానితో తన కేసును పోల్చుకొనగలడు. శిక్షపడినవాడు, బాధితుని కుటుంబం దానిని చదివి అర్థం చేసికొనగలరు. కారణం వ్రాయని విచక్షణను ఎవరూ ప్రశ్నించలేరు. ప్రశ్నించలేని అధికారం సమానత్వానికి శత్రువు.

మార్గదర్శకాలు ఉంటే కలిగే మరొక మేలు బీదవానికి చెందుతుంది. పెద్ద ప్లీడరును పెట్టుకొన్నవాని జీవిత చరిత్ర, మంచితనం, కుటుంబ బాధ్యతలు కోర్టుకు వివరంగా చేరుతున్నవి. పెట్టుకోలేనివాని సంగతి ఎవరు చెబుతారు? దోషిగా తేలిన రోజుననే శిక్షపై వాదన ముగిస్తే, అతడు తన వయస్సు పత్రమైనా తెప్పించుకొనలేడు. ఏ ఏ వివరాలు సేకరించకుండా శిక్ష వేయరాదో ముందే నిర్ణయిస్తే, అడుగలేనివాని పక్షాన చట్టమే అడుగుతుంది. ఆ వివరాలలో చదువు ఒకటి. బడి రిజిస్టరులోని వయస్సు, ఉపాధ్యాయుడు వ్రాసిన ప్రవర్తనా పత్రం ఏనాడో ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సాక్ష్యంగా నిలువవచ్చును. ఆ కాగితాలను జాగ్రత్తగా, సత్యంగా వ్రాయుట చిన్న పని కాదు.

ఇక ఇల్లు, బడి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మానసికంగా వేధించుటను నిషేధించినది. అందుచేత బెత్తం పోయినది గాని తీర్పు పోలేదు. ఆలస్యంగా వచ్చినవానిని ఏమనాలి, చూచి వ్రాసినవానికి ఏమి చెప్పాలి, తగవులాడిన అన్నదమ్ములలో తప్పు ఎవరిదనాలి అన్న తీర్పులు పెద్దలు దినదినమూ ఇస్తూనే ఉన్నారు. ఒకే తప్పుకు నిన్న ఒకనికి మందలింపు, నేడు మరొకనికి అవమానం దొరికితే పిల్లవాడు మరచిపోడు. నోరు విప్పక పోయినను మనస్సులో లెక్క వ్రాసికొంటాడు. శిక్ష చిన్నదైనా, ఎందుకో వివరించి, వాని మాట విని వేస్తే, పిల్లవానికి న్యాయమంటే ఏమిటో మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది. వినుట, తూచుట, కారణం చెప్పుట అనే ఈ మూడు అలవాట్లు బడిలో నేర్చినవారే రేపు న్యాయస్థానాలలో, కార్యాలయాలలో, చట్టసభలలో కూర్చుంటారు.

డెబ్బది ఐదు వసంతాలు నిండిన విద్యాలయం నుండి వెలువడిన పూర్వ విద్యార్థులలో న్యాయవాద వృత్తిలో ఉన్నవారు తమ వద్దకు వచ్చిన బీద ముద్దాయి విషయంలో శిక్షపై వాదనకు కూడా సమయం అడుగుట, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తమ తీర్పులకు కారణం చెప్పుట అలవరచుకొన్నచో, ఈ ఉత్సవం సార్థకమగును.